కొనుక్కున్న పిల్లికి దిక్కెవరు?

వీధిలో ఇన్ని నాటు పిల్లులు ఆకలితో తిరుగుతుంటే, వేలు పోసి కొన్న పర్షియన్ పిల్లి కోసం ప్రత్యేకంగా ఒక స్వచ్ఛంద సంస్థ కావాలా అని అడిగేవాళ్లు లండన్‌లో ఉన్నారు, హైదరాబాద్‌లోనూ ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు చెప్పకుండా జాతి పిల్లుల రక్షణ గురించి ఏం రాసినా అది డబ్బున్నవాళ్ల ముచ్చటగానే మిగులుతుంది.

నా జవాబు ఇది. వీధి పిల్లికి వీధి తెలుసు. ఏ గోడ ఎక్కాలో, ఏ గేటు కింద దూరాలో, ఏ ఇంటి వెనక చేపల నీళ్లు పారబోస్తారో తల్లి దగ్గరే నేర్చుకుంది. పర్షియన్ అలా కాదు. తరాల తరబడి మనిషి తన కంటికి ముద్దుగా ఉండాలని దాని ముక్కును లోపలికి నొక్కి, జూలు పెంచి, ఒళ్లు బరువు చేశాడు. దువ్వేవాళ్లు లేకపోతే దాని జూలే దానికి శిక్ష. కన్నీటి నాళాలు సరిగా పనిచేయక కళ్లు ఎప్పుడూ కారుతూ ఉంటాయి, ఎవరో ఒకరు తుడవాలి. మనిషి లేకుండా బతకలేని ప్రాణిని మనిషే తయారుచేశాడు కాబట్టి దాని పట్ల మనకున్న బాధ్యత వీధి పిల్లి పట్ల ఉన్నదానికి తక్కువ కాదు. వెల పెట్టి కొన్నారన్న కారణంతో ఆ బాధ్యత తీరిపోదు.

ఈ జాతులేవో పురాతన కాలం నుంచి వస్తున్నాయని చాలామంది అనుకుంటారు. నిజానికి పిల్లుల్లో జాతి పట్టింపు వయసు నూటయాభై ఏళ్ల పైచిలుకే. 1871 జూలై 13న లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో హారిసన్ వేర్ అనే చిత్రకారుడు పెద్ద ఎత్తున పిల్లుల ప్రదర్శన ఏర్పాటు చేశాడు. అప్పటిదాకా ఎలుకలు పట్టడానికే పనికొస్తుందనుకున్న జంతువును జనం ఇష్టంగా చూడాలన్నది ఆయన కోరిక. 1884లో సయామీస్ జంట ఇంగ్లండ్ చేరింది. 1887లో నేషనల్ క్యాట్ క్లబ్ పుట్టింది, వేర్ దానికి తొలి అధ్యక్షుడు. కొన్నేళ్లు తిరిగేసరికి ఆయనే పదవి వదులుకున్నాడు. సభ్యులకు పిల్లుల బాగోగుల కంటే పతకాల మీదే ధ్యాస పెరిగిందని ఆయన బాధ. జాతి పిల్లుల ఉద్యమానికి పునాది వేసిన మనిషే మొదట్లోనే ఈ మాట అనడం నాకు చాలా ముఖ్యమైన విషయంగా తోస్తుంది. ఇవాళ రక్షణ సంస్థల తలుపు తట్టే పిల్లుల్లో చాలావాటి కథ అక్కడే మొదలైంది.

ఆ తర్వాత 1906లో అమెరికాలో క్యాట్ ఫ్యాన్సియర్స్ అసోసియేషన్, 1910లో బ్రిటన్‌లో గవర్నింగ్ కౌన్సిల్ ఆఫ్ ది క్యాట్ ఫ్యాన్సీ వచ్చాయి. ఏ పిల్లి ఏ జాతిదో, దాని తాతముత్తాతలెవరో రాసిపెట్టే పుస్తకాలు వీళ్ల దగ్గర ఉంటాయి. ఇల్లు పోగొట్టుకున్న పిల్లుల కోసం బ్రిటన్‌లో క్యాట్స్ ప్రొటెక్షన్ 1927 నుంచి పనిచేస్తోంది. జాతి పిల్లుల రక్షణ ఈ రెండు పాయల మధ్య పెరిగింది. బ్రిటన్‌లో ఒక్కో జాతి క్లబ్బు తమ పిల్లుల కోసం సంక్షేమ నిధి పెట్టుకోవడం వాడుక. అమెరికాలో ఎక్కువగా స్వతంత్ర సంస్థలు. మున్సిపల్ షెల్టర్ల నుంచి ఫోన్ వస్తే వెళ్లి, బోనులో కుమిలిపోతున్న పర్షియన్నో హిమాలయన్నో తెచ్చుకుని ఒక కార్యకర్త ఇంట్లో పెడతారు. ఆఫీసు ఉండదు, జీతాలుండవు. ఒకావిడ ఇంటి వెనక గది, ఇంకొకరి కారు, మరొకరి ఖాతా పుస్తకం కలిస్తే సంస్థ.

ఇంత డబ్బు పెట్టి కొన్న పిల్లి అసలు ఇల్లెందుకు పోగొట్టుకుంటుంది? క్రూరత్వం వల్ల వచ్చేవి ఉన్నాయి గాని, మామూలు కారణాల వల్ల వచ్చేవీ తక్కువేం కాదు. యజమాని చనిపోతారు, లేదా వృద్ధాశ్రమానికి వెళ్తారు. పిల్లి పదిహేనేళ్లు బతకగలదు. డెబ్బై దాటాక కూనను తెచ్చుకున్న వాళ్లకు ఆ లెక్క తట్టకపోవచ్చు. విడాకులు, కొత్త బిడ్డ, ఉద్యోగం మారడం, అద్దె ఇంట్లో పిల్లి వద్దనడం ఇవన్నీ మామూలే. ఎలర్జీ మరో పెద్ద కారణం. ఫెల్ డి 1 అనే ప్రోటీను పిల్లి లాలాజలంలోనూ చర్మగ్రంథుల్లోనూ తయారవుతుంది. అది లేని జాతి ఏదీ లేదు. అయినా ఫలానా జాతికి ఎలర్జీ రాదని నమ్మబలికి అమ్ముతారు. నెల తిరక్కుండా కొన్నవాళ్లకు దగ్గు మొదలవుతుంది, పిల్లికి వనవాసం మొదలవుతుంది.

ఇక బ్రీడర్ల నుంచి వచ్చేవి వేరే తరహా. ఈతలు ఆగిపోయిన ఆడపిల్లులు, ఆరోగ్యం చెడిన మగపిల్లులు, బ్రీడరు చేతులెత్తేసినప్పుడు ఒకేసారి బయటపడే పదులకొద్దీ పిల్లులు. వీటిలో కొన్ని మెట్లు ఎక్కడం కూడా ఎరగవు. పుట్టినప్పటి నుంచి ఒకే గది, ఒకే కంచె. సోఫా మీదికి దూకవచ్చని తెలియడానికే వాటికి వారాలు పడుతుంది.

ఇలా వచ్చిన పర్షియన్‌ను దగ్గరగా చూస్తే ఈ పని ఎందుకు వేరో అర్థమవుతుంది. పైకి బొద్దుగా కనిపిస్తుంది. చెయ్యి వేస్తే కింద వెన్నుపూస తగులుతుంది. చెవుల వెనక, చంకల్లో, పొట్ట కింద, తోక మొదట్లో జూలు జడలు కట్టి చాపలా గట్టిపడి ఉంటుంది. అది అడుగు వేసినప్పుడల్లా చర్మాన్ని లాగుతుంది. ఇంట్లో కత్తెర పెట్టడం పెద్ద పొరపాటు. పిల్లి చర్మం పల్చన, సాగే గుణం ఉన్నది. జడ ఎక్కడ అయిపోయిందో చర్మం ఎక్కడ మొదలైందో తెలియక తెగిపోతుంది. పశువైద్యుడు మత్తు ఇచ్చి ట్రిమ్మర్‌తో ఆ చాపను ఒక్క ముక్కగా ఊడదీస్తాడు. దాని కింద పుండ్లు, పిడుదులు, ఎండిన మలం ఉంటాయి. పొడుగు వెంట్రుకల పిల్లులకు తామర తొందరగా పడుతుంది. అది మనుషులకూ అంటుతుంది కాబట్టి కొన్ని వారాలు విడిగా ఉంచాలి, గది గోడల నుంచి దుప్పటి దాకా కడగాలి.

అంతకంటే గండం తిండి మానేయడం. కొత్త చోట భయపడ్డ పిల్లి మంచం కింద దూరి ఏమీ ముట్టదు. మనిషి రెండు మూడు రోజులు ఉపవాసం ఉంటే నీరసమే. పిల్లికి, అందులోనూ లావెక్కిన పిల్లికి, ఒంట్లోని కొవ్వంతా కాలేయానికి చేరి కాలేయం పాడవడం మొదలవుతుంది. ఆలస్యమైతే ప్రాణం పోతుంది. అందుకే అనుభవమున్న కార్యకర్త మొదట చూసేది పిల్లి దగ్గరికి వచ్చిందా లేదా అని కాదు, గిన్నెలో ఎంత తగ్గిందా అని. వేడి చేసిన చేప ముక్క, వేలి మీద నాకించే గుజ్జు, కుదరకపోతే గొట్టం. వెడల్పాటి పళ్లెంలో పెడితేనే తినగలిగే చదును ముఖం పిల్లికి లోతు గిన్నె పెట్టి, తినడం లేదని బెంగపడేవాళ్లను ఎంతమందినో చూశాం. ఇలాంటి చిన్న సంగతులు తెలిసి ఉండటమే జాతి రక్షణ సంస్థకు ఉన్న అసలు ఆస్తి.

ఒక్కో జాతికి ఒక్కో చిక్కు. పర్షియన్లలో మూత్రపిండాల్లో నీటి బుడగలు పెరిగే జబ్బు ఒకప్పుడు మూడో వంతుకు పైగా పిల్లుల్లో కనిపించేది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే చాలు, సగం కూనలకు వచ్చే అవకాశం. 2004లో దానికి కారణమైన జన్యు మార్పు తెలిసింది. ఇప్పుడు నోట్లో దూది పుల్ల తిప్పి పరీక్ష చేయించవచ్చు. మెయిన్ కూన్, రాగ్‌డాల్ జాతుల్లో గుండె కండరం మందమయ్యే జబ్బుకు కారణమైన మార్పులు 2005, 2007లో దొరికాయి. సయామీస్ పిల్లి మనిషి వెంటే తిరుగుతూ రోజంతా మాట్లాడుతుంది. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చే ఇంట్లో దాన్ని ఒంటరిగా పెడితే ఒళ్లంతా నాకి బోడి చేసుకుంటుంది. బెంగాల్ పిల్లి మన అడవుల్లోనూ తిరిగే చిరుతపిల్లి రక్తం కలిసిన జాతి. కోతిలా ఎక్కుతుంది, నీళ్లలో దిగుతుంది, విసుగొస్తే గోడల మీద మూత్రం చిమ్ముతుంది. చుక్కల ఒళ్లు చూసి కొన్నవాళ్లు ఏడాదికే వదులుకుంటారు. న్యూయార్క్ నగరంలో, హవాయిలో దీన్ని పెంచుకోవడానికే వీల్లేదు.

వీటన్నిటిలో నన్ను ఎక్కువ కలచివేసేది స్కాటిష్ ఫోల్డ్. 1961లో స్కాట్లండ్‌లో కూపర్ ఆంగస్ దగ్గర ఒక పొలంలో సూసీ అనే తెల్లపిల్లికి చెవులు ముందుకు మడతపడి కనిపించాయి. ఆ చెవుల ముచ్చటతో దాని సంతానం నుంచి జాతి తయారైంది. చెవిని మడిచిన ఆ లోపమే ఒళ్లంతా మృదులాస్థిని చెడగొడుతుంది. కారణమైన జన్యువును 2016లో గుర్తించారు. చెడిన జన్యువు ఒక్క ప్రతి ఉన్నా కీళ్ల జబ్బు వస్తుంది. తోక బిగుసుకుపోతుంది, వెనక కాళ్లు గట్టిపడతాయి. ఎంత నెమ్మదైన పిల్లో, కదలకుండా ఒళ్లో కూర్చుంటుంది అని యజమాని మురిసిపోతున్నప్పుడు అది నొప్పికి కదలలేకపోతూ ఉండవచ్చు. బ్రిటన్ పుస్తకాలు ఈ జాతిని 1970ల మొదట్లోనే పక్కన పెట్టాయి. నెదర్లాండ్స్ 2014లో మడత చెవుల పిల్లుల పెంపకాన్ని నిషేధించి, 2026 జనవరి నుంచి కొత్తగా ఉంచుకోవడాన్ని కూడా నిషేధించింది. అయినా సినీతారల ఒళ్లో ఫొటోలు చూసి అడిగేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. ఇలాంటి పిల్లి రక్షణ సంస్థ చేతికి వస్తే జీవితాంతం నొప్పి మందులు, ఎక్కడానికి చిన్న మెట్లు, ఎత్తు తక్కువ మలం పెట్టె కావాలి. అవన్నీ ఒప్పుకునే ఇల్లు వెతకాలి.

పిల్లి చేతికొచ్చాక జరిగే పని చాలా దేశాల్లో ఒకే తీరు. మొదట వేరు గదిలో ఉంచి రక్తపరీక్షలు, టీకాలు, నులిపురుగుల మందు, మైక్రోచిప్ వేయిస్తారు. ఆపైన కుటుంబ నియంత్రణ ఆపరేషన్. ఇందులో రాజీ లేదు. మంచి రక్తం ఉన్న పిల్లి, ఒక్క ఈత వేయనివ్వండి అనే వాళ్లు తప్పక వస్తారు. అందుకే జాతి ధ్రువపత్రాలు ఉన్నా కొత్త యజమానికి ఇవ్వరు. కాగితం లేని, కూనలు పెట్టలేని పిల్లిని వ్యాపారి కోరుకోడు.

దత్తత ఇచ్చే పద్ధతి మీద మాత్రం గట్టి వాదం నడుస్తోంది. దరఖాస్తు, పాత పశువైద్యుడి దగ్గర వాకబు, ఇంటి తనిఖీ, పిల్లి బయటికి పోకుండా కిటికీలకు జాలీ ఉందా లేదా చూడటం పాత పద్ధతి. ఇన్ని ప్రశ్నలు వేస్తే మంచివాళ్లు విసిగి బ్రీడరు దగ్గరికి పోతారని, అనుమానంతో కాకుండా మాటామంతీతో ఇల్లు కుదర్చాలని అమెరికాలో కొత్త ఆలోచన. రుసుము తీసుకుంటేనే విలువ ఉంటుందన్న నమ్మకం మీదా ప్రశ్నలు లేచాయి. 2009లో అక్కడ జరిగిన ఒక అధ్యయనంలో ఉచితంగా తీసుకున్నవాళ్లకూ డబ్బిచ్చి తీసుకున్నవాళ్లకూ పిల్లి మీద మమకారంలో తేడా కనిపించలేదు. మామూలు పిల్లుల విషయంలో ఈ మాట నాకు పూర్తిగా సమ్మతం. జాతి పిల్లి విషయంలో రుసుము ఉండాలనే అంటాను. ఉచితమంటే మొదట పరుగెత్తుకొచ్చేది తిరిగి అమ్ముకునేవాడు. ఇంటి తనిఖీని కూడా పరీక్షలా కాక, పిల్లి ఎక్కడ పడుకుంటుంది, ఎండలో ఏ గది చల్లగా ఉంటుంది అని కలిసి చూసుకునే పనిగా చేస్తే ఎవరూ నొచ్చుకోరు.

ఒప్పందంలో అన్నిటికంటే విలువైన వాక్యం ఒకటుంది. ఏ కారణంతోనైనా, ఎన్నేళ్లకైనా, పిల్లిని ఉంచుకోలేకపోతే ఇంకెవరికీ ఇవ్వకుండా సంస్థకే తిరిగి అప్పగించాలి. పిల్లి తన కూనల్ని ఏడిళ్లు తిప్పుతుందని మనవాళ్లు అంటారు. అది కాపాడుకోవడానికి తిప్పుతుంది. మనుషులు చేతులు మారుస్తూ తిప్పేటప్పుడు మాత్రం ఒక్కో ఇంట్లో ఒక్కో అలవాటు చెడి, చివరికి పిల్లి ఎవరి లెక్కలోనూ లేకుండా పోతుంది. ఆ వాక్యం ఉన్నచోట పిల్లికి పుట్టిల్లు అంటూ ఒకటి ఉంటుంది.

ఈ సంస్థల లోపాలు కూడా చెప్పాలి. జాతి మీద మోజుతో చేరినవాళ్లు కూనలూ అందమైనవీ కావాలంటారు గాని, కిడ్నీ జబ్బున్న పన్నెండేళ్ల పిల్లికి చేయి అందించరు. కాదనలేక కాదనలేక తీసుకుంటూ పోయి, ఇంట్లో నలభై పిల్లులతో తానే రక్షణ అవసరమైన స్థితికి చేరిన కార్యకర్తలున్నారు. పిల్లికి తలుపు తెరిచేముందు ఎన్నింటికి చోటుందో రాసిపెట్టుకుని, ఆ అంకె దాటనని నిలబడే సంస్థే పదేళ్లు నిలుస్తుంది. మూడోది డబ్బు చిక్కు. పాడుబడ్డ పెంపకం కేంద్రం నుంచి పిల్లుల్ని విడిపించడానికి డబ్బు కట్టాలా? కళ్లముందు జబ్బుపడ్డ తల్లిపిల్లి ఉన్నప్పుడు కట్టకుండా ఉండటం చాలా కష్టం. కానీ ఆ డబ్బుతో ఆ కేంద్రం యజమాని ఇంకో జత కొంటాడు. నేను కట్టకూడదనే పక్షాన ఉన్నాను. ఈతలైపోయిన పిల్లిని ఉచితంగా తీసుకునేటప్పుడు కూడా, మిగిలినవాటికి ఆపరేషన్ చేయించే షరతు పెట్టాలి. లేకపోతే బ్రీడరు పారబోసే చోటుగా మారిపోతాం.

అందుకే చట్టం ఊసెత్తక తప్పదు. ఇంగ్లండ్‌లో 2020 ఏప్రిల్ నుంచి ఆరు నెలల లోపు కూనల్ని మధ్యవర్తులు, దుకాణాలు అమ్మకూడదు. పెంచినవాడి దగ్గరే కొనాలి, లేదా రక్షణ సంస్థ నుంచి తెచ్చుకోవాలి. 2024 జూన్ 10 నుంచి 20 వారాలు నిండేలోగా ప్రతి పెంపుడు పిల్లికీ మైక్రోచిప్ తప్పనిసరి. ఈ రెండూ కలిసి, వదిలేసిన పిల్లి జాడ పట్టుకుని వెనక్కి వెళ్లి, ఎవరి ఇంట్లో ఉండేదో అడగడానికి ఒక దారి ఏర్పడింది.

మన దగ్గర ఆ దారి ఇంకా పడలేదు. పెంపుడు జంతువును దిక్కులేకుండా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమే. మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఒక పూట పిల్లి తిండికి కూడా చాలని మొత్తం. కుక్కల పెంపకం, అమ్మకం మీద 2017లో కేంద్రం నిబంధనలు తెచ్చింది, పిల్లుల పెంపకానికి అలాంటివి రాలేదు. 2018 పెట్ షాపు నిబంధనలు పిల్లులకూ వర్తిస్తాయి, షాపు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. కానీ అమ్మకాలు షాపు దాటి ఫోనుల్లోకి వచ్చేశాయి. డాల్ ఫేస్, సెమీ పంచ్, పంచ్ ఫేస్ అని ముఖం ఎంత నొక్కుకుపోయి ఉంటే అంత ధర చెబుతారు. ఆ ధరతో పాటు మూసుకుపోయే ముక్కు, కారే కళ్లు, కాన్పు కష్టం కూడా పెరుగుతాయని ఎవరూ చెప్పరు.

హైదరాబాద్, విజయవాడ వేసవిలో ఆ ముక్కుతో బతకడం మాటలు కాదు. కుక్కలా నోరు తెరిచి రొప్పడం పిల్లికి సహజం కాదు, రొప్పుతోందంటే అది ఆస్పత్రికి పరుగెత్తాల్సిన వేళ. ఏసీ గదిలో పెరిగిన పిల్లిని మేలో అపార్టుమెంటు సెల్లారులో వదిలేసి వెళ్లినవాళ్లకు ఆ సంగతి తెలిసి ఉండకపోవచ్చు. అక్కడి నాటు పిల్లులు తమ హద్దులోకి దాన్ని రానివ్వవు, కుక్కల నుంచి తప్పించుకునే వేగం దానికి లేదు. చివరికి రోజూ వీధి పిల్లులకు అన్నం పెట్టే ఇల్లాలో, కాలేజీ కుర్రాడో చూసి ఎత్తుకుంటారు. 1992లో మొదలైన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి సంస్థల మీద వీధి జంతువుల భారమే కొండంత ఉంటుంది. జాతి పిల్లికి కావాల్సిన ఏకాంతం, రోజూ దువ్వెన, కంటి శుభ్రం అక్కడ దొరకమంటే ఎలా దొరుకుతుంది? ఇళ్లలో ఫోస్టర్‌గా పెట్టుకునేవాళ్ల చిన్న వలయం ఒకటి ఊరూరా ఉంటే సరిపోతుంది. వీధి పిల్లుల నిధిలోంచి ఒక్క రూపాయి కూడా దానికి పోనక్కర్లేదు. పర్షియన్ పెంచుకుంటున్న కుటుంబాలే మన ఊళ్లలో వేలల్లో ఉన్నాయి. దువ్వెన పట్టడం, పళ్లెంలో పెట్టడం వాళ్లకు ముందే వచ్చు.

అమెరికా నుంచి తిరిగొస్తున్న తెలుగు కుటుంబాలకూ ఇది సంబంధించిన మాటే. వీసా చిక్కుల్లో ఉన్నట్టుండి ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు, పిల్లిని షెల్టరులో దించేయడం తప్ప దారి లేదనుకుంటారు. ఉంది. విదేశంలో రెండేళ్లు ఉండి నివాసం మార్చుకుంటున్నవాళ్లు పెంపుడు పిల్లిని తెచ్చుకోవచ్చు. జంతు క్వారంటైన్ శాఖ ముందస్తు అనుమతి, రేబీస్ టీకా, మైక్రోచిప్, ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. ఆ శాఖ కార్యాలయం ఉన్న విమానాశ్రయాల్లో హైదరాబాద్ ఒకటి. కాగితాలకు వారాలు పడుతుంది కాబట్టి టికెట్టు కంటే ముందే మొదలుపెట్టాలి. అదీ కుదరకపోతే ఆ జాతి రక్షణ సంస్థకు ముందుగా ఫోన్ చేసి, పిల్లి తినే తిండి పేరు, టీకా పుస్తకం, అది పడుకునే పాత దుప్పటి కలిపి అప్పగించాలి. ఉతకని ఆ దుప్పటి వాసన మీదే కొత్త ఇంట్లో మొదటి ముద్ద తినే పిల్లులు ఎన్నో ఉన్నాయి.